పాట రాసింది ఆమె, రికార్డింగు మాత్రం వేరొకరిది: టేలర్ స్విఫ్ట్ మాస్టర్ల విషయంలో ఒక సందేహం

కిన్నెర (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన మొదటి ఆరు ఆల్బముల మాస్టర్ రికార్డింగులను, అంటే అసలు ధ్వనిముద్రణలను, షామ్‌రాక్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ నుంచి తిరిగి కొనుక్కున్నట్టు 2025 మే 30న ప్రకటించారు. అప్పటి నుంచి ఈ విషయం మీద కంటపడినదల్లా చదువుతున్నాను గానీ, ఒక సందేహం మాత్రం తీరడం లేదు. ఆమె పాటల్లో అత్యధిక భాగం ఆమె సొంతంగానో, మరొకరితో కలిసో రాసినవే. 2010లో వచ్చిన ‘స్పీక్ నౌ’ ఆల్బములోని పాటలైతే ఇంకొకరి చెయ్యి పడకుండా ఆమె ఒక్కరే రాశారు. అలాంటప్పుడు ఆ ఆల్బములు ఆమెకు ఇష్టం లేని వారి చేతికి ఎలా వెళ్లాయి?

2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికా పర్యటనలో ఉండగా, ఇళయరాజా గారి బాణీలను అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని లాయరు నోటీసు రావడం మనలో చాలా మందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ బాణీ కట్టిన వారికి, పాడే వారిని ఆపే హక్కు ఉందన్నారు. స్విఫ్ట్ విషయంలో రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ ఒకరే అయినా ఆమె అమ్మకాన్ని ఆపలేకపోయారు. అదే సమయంలో, ఆ పాటలనే మళ్లీ పాడి కొత్త ఆల్బములుగా విడుదల చేయడానికి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఈ రెండూ ఒకే చట్టం కింద ఎలా సాధ్యమయ్యాయో వివరంగా తెలిసిన వారు చెప్పగలరా?

అడగడానికి సొంత కారణం కూడా ఒకటి ఉంది. మా పిన్ని కూతురు పాటలు రాసి, తానే బాణీ కట్టి పాడుతుంది. ఒక యూట్యూబ్ చానెల్ వారు తనకు ఒప్పంద పత్రం పంపారు. అందులో ‘సకల హక్కులు’ అనే మాట చాలా చోట్ల కనిపిస్తోంది. సంతకం పెట్టే ముందు అసలు ఏ హక్కులు ఎన్ని ఉంటాయో మాకు అర్థం కావాలి.

నాదబిందు

కిన్నెర గారూ, మీరు పోల్చిన రెండు సంఘటనలు ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. పాట రికార్డయిన క్షణం నుంచి చట్టం దృష్టిలో రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయన్న సంగతి దగ్గర పెట్టుకుంటే మిగిలిన చిక్కుముడి దానంతట అదే విడిపోతుంది. సాహిత్యమూ బాణీ కలిసిన పాట ఒక ఆస్తి. దానికి సంబంధించినవే పబ్లిషింగ్ హక్కులు. ఆ పాటను ఒక గాయని ఒక స్టూడియోలో పాడగా తయారైన ధ్వనిముద్రణ రెండో ఆస్తి. దాన్నే మాస్టర్ అంటున్నారు. మొదటిది పుట్టుకతో రచయితది. రెండోది ఎవరిదన్నది ఒప్పందం తేలుస్తుంది.

స్విఫ్ట్ పద్నాలుగేళ్ల వయసులోనే సోనీ/ఏటీవీ అనే పబ్లిషింగ్ సంస్థతో పాటల రచయిత్రిగా ఒప్పందం చేసుకున్నారు. ఆ తరువాత నాష్‌విల్‌లో స్కాట్ బోర్చెట్టా అప్పుడే మొదలుపెట్టిన బిగ్ మెషీన్ రికార్డ్స్‌లో గాయనిగా చేరారు. ఈ రెండో ఒప్పందం ప్రకారం 2006 నుంచి 2017 వరకు వచ్చిన ఆరు ఆల్బముల మాస్టర్లు సంస్థవి అయ్యాయి. 2019 జూన్‌లో గాయకుల మేనేజరు స్కూటర్ బ్రాన్‌కు చెందిన ఇథాకా హోల్డింగ్స్ ఆ సంస్థను సుమారు 30 కోట్ల డాలర్లకు కొన్నదని పత్రికలు రాశాయి. 2020 నవంబరులో ఆ మాస్టర్లు షామ్‌రాక్ చేతికి వెళ్లాయి. ఈ రెండు అమ్మకాల్లోనూ చేతులు మారినది ధ్వనిముద్రణే గానీ పాట కాదు. కాబట్టి పాట యజమానురాలిగా ఆమె అనుమతి ఎవరికీ అవసరం పడలేదు. ఆ రికార్డింగులు అమ్ముడైనప్పుడల్లా రచయిత్రిగా ఆమెకు రావలసిన రాయల్టీ వస్తూనే ఉండేది. అమెరికాలో ఎఫ్ఎం రేడియో వారు పాట వేసినందుకు రచయితలకు, పబ్లిషర్లకు చెల్లిస్తారు తప్ప మాస్టర్ యజమానికి ఏమీ ఇవ్వరు. అంటే బ్రాన్ చేతిలో మాస్టర్లు ఉన్న కాలంలో కూడా అక్కడి రేడియోలో ఆ పాట మోగితే డబ్బు ఆమె వైపుకే వచ్చింది.

రచయిత ఒప్పుకోకపోతే అడుగు ముందుకు పడని చోటు ఒకటి ఉంది. సినిమాలోనో, సీరియల్‌లోనో, వాణిజ్య ప్రకటనలోనో దృశ్యం మీద పాట వాడాలంటే సింక్ లైసెన్సు కావాలి. దానికి పాట యజమానీ ఒప్పుకోవాలి, మాస్టర్ యజమానీ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పని జరగదు. పాత రికార్డింగుల కోసం వారం వారం వచ్చే ఇలాంటి అభ్యర్థనలన్నింటినీ తాను తిరస్కరిస్తున్నానని స్విఫ్ట్ 2019 చివర్లో బిల్‌బోర్డ్ పత్రికకు చెప్పారు. ఆ మాస్టర్లకు వందల కోట్ల రూపాయలు పోసిన వారికి అది చిన్న దెబ్బ కాదు. ఇక 2020 డిసెంబరులో మ్యాచ్ అనే పరిచయాల సంస్థ ప్రకటనలో ‘లవ్ స్టోరీ’ పాట వినిపించింది. అయితే అది 2008 నాటి రికార్డింగు కాదు. ఆమె కొత్తగా పాడి, ఇంకా విడుదల కూడా చేయని రికార్డింగు. పాటా ఆమెదే, మాస్టరూ ఆమెదే కాబట్టి సంతకం కోసం ఇంకొకరి గుమ్మం తొక్కే పని లేకపోయింది. ఈ వ్యవహారం మొత్తంలో ఆమె వ్యూహం నాకు తేటగా కనిపించింది ఈ చిన్న ప్రకటనలోనే.

మళ్లీ పాడడానికి అడ్డు ఎందుకు లేదన్న మీ ప్రశ్నకు సమాధానం అమెరికా కాపీరైట్ చట్టంలో రెండు చోట్ల ఉంది. 114వ సెక్షన్ ప్రకారం ధ్వనిముద్రణ మీది హక్కు ఆ నిర్దిష్ట ధ్వనికి మాత్రమే పరిమితం. ఎవరైనా కొత్తగా పాడి, వాయించి అచ్చం అలాగే వినిపించేలా చేసినా అది ఉల్లంఘన కాదు. 115వ సెక్షన్ ప్రకారం ఒకసారి అనుమతితో విడుదలైన పాటను, నిర్ణీత రుసుము చెల్లించి, ఎవరైనా తమ గొంతుతో రికార్డు చేసి అమ్ముకోవచ్చు. 2021లో ఐదు నిమిషాల లోపు పాటకు ఆ రుసుము కాపీకి 9.1 సెంట్లు. 1909 చట్టంలో రెండు సెంట్లతో మొదలైన ఏర్పాటు ఇది. కాబట్టి చట్టం వైపు నుంచి దారి మొదటి నుంచీ తెరిచే ఉంది. అడ్డుగా ఉన్నది, ఇంత కాలం మళ్లీ రికార్డు చేయకూడదని ఒప్పందంలో పెట్టిన గడువు ఒక్కటే. మొదటి ఐదు ఆల్బములకు ఆ గడువు 2020 నవంబరుతో తీరిపోతుందని ఆమె ముందే చెప్పారు. 2021 ఏప్రిల్‌లో ‘ఫియర్‌లెస్’, అదే ఏడాది నవంబరులో ‘రెడ్’, 2023లో ‘స్పీక్ నౌ’, ‘1989’ కొత్త రికార్డింగులుగా వచ్చాయి.

ఇళయరాజా గారి నోటీసు కూడా పాట వైపు హక్కు మీద ఆధారపడినదే. ఆయన ప్రయోగించినది బహిరంగ ప్రదర్శన హక్కు, స్విఫ్ట్ ప్రయోగించినది సింక్ హక్కు. వేదిక విషయంలో స్విఫ్ట్‌కు కూడా ఒక చిక్కు వచ్చిందని ఇక్కడ చెప్పాలి. 2019 నవంబరులో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల టీవీ కార్యక్రమంలో తన పాత పాటలు పాడనివ్వడం లేదని ఆమె బిగ్ మెషీన్ మీద బహిరంగంగా ఆరోపించారు. టీవీలో పాడితే అది గడువుకు ముందే మళ్లీ రికార్డు చేసినట్టు అవుతుందన్నది ఆమె చెప్పిన ప్రకారం వారి వాదన. సంస్థ ఆ ఆరోపణను ఖండించింది. చివరికి ఆమె పాడారు. తన పాటను తానే పాడడానికి కూడా ఒప్పందంలోని ఒక వాక్యం అడ్డం రాగలదని చూపించిన సంఘటన కాబట్టి, మీ చెల్లెలి పత్రంలో మళ్లీ రికార్డు చేయడం గురించి ఏముందో ముందు అది చూడండి.

పాత గ్రామఫోను

నాదబిందు గారు చెప్పినదానికి మరో కథ జోడిస్తాను, ఎందుకంటే పబ్లిషింగ్ విలువ ఎంతటిదో నాకు తెలిసినది మైకేల్ జాక్సన్ వల్లే. 1963లో బీటిల్స్ పాటల కోసం నార్తర్న్ సాంగ్స్ అనే సంస్థ ఏర్పడింది. 1965లో దాని వాటాలు మార్కెట్టుకు వెళ్లాయి. 1969లో వారి పబ్లిషర్ డిక్ జేమ్స్ తన వాటాను ఏటీవీ సంస్థకు అమ్మేశారు. ఆ బృందంలో పాటలు రాసిన లెనన్, మెకార్ట్నీ ఎంత ప్రయత్నించినా తమ పాటల మీద పట్టు నిలబెట్టుకోలేకపోయారు. ఎనభైల మొదట్లో జాక్సన్‌తో కలిసి పాడిన రోజుల్లో, పబ్లిషింగ్ హక్కులు కొనడం మంచి వ్యాపారమని చెప్పినది మెకార్ట్నీయే. 1985లో జాక్సన్ 4.75 కోట్ల డాలర్లు పెట్టి ఏటీవీని కొన్నారు. అందులో ఉన్న సుమారు నాలుగు వేల పాటల్లో దాదాపు 250 లెనన్, మెకార్ట్నీ రాసినవి.

రెండు ఆస్తుల సంగతి 1987లో బజారుకెక్కింది. నైకీ బూట్ల ప్రకటనలో బీటిల్స్ పాడిన ‘రెవల్యూషన్’ అసలు రికార్డింగునే వాడారు. పాట వైపు అనుమతి జాక్సన్ సంస్థ నుంచీ, మాస్టర్ వైపు అనుమతి క్యాపిటల్ రికార్డ్స్ నుంచీ తీసుకున్నారు. ఆ పాట రాసిన వారిలో బతికున్న మెకార్ట్నీ చేతిలో గానీ, పాడిన బృందం చేతిలో గానీ ఈ రెండు తాళాల్లో ఒక్కటీ లేదు. బీటిల్స్ సొంత సంస్థ అయిన ఆపిల్ (కంప్యూటర్ల ఆపిల్ కాదు) దావా వేసింది, తరువాత రాజీ కుదిరింది. ఆ బృందంతో పోలిస్తే స్విఫ్ట్ పరిస్థితి ఎంతో మెరుగు: ఒక తాళం పోయినా రెండోది ఆమె దగ్గరే ఉంది.

జాక్సన్ 1995లో తన ఏటీవీని సోనీ పబ్లిషింగ్‌తో కలిపి సగం వాటా ఉంచుకున్నారు. ఆయన వారసుల నుంచి ఆ సగాన్ని సోనీ 2016లో 75 కోట్ల డాలర్లకు కొన్నది. పద్నాలుగేళ్ల స్విఫ్ట్ సంతకం పెట్టిన సోనీ/ఏటీవీ ఇదే. ఆ రోజున అందులో సగం మైకేల్ జాక్సన్‌ది. ఒక గాయకుడు పాటల సంస్థకు యజమాని కావడం ఆమె తొలి ఒప్పందం నాటికే ఆ రంగంలో ఎరిగిన విషయమన్నమాట.

అమెరికా గాయకుడు ప్రిన్స్‌ను కూడా తలుచుకోవాలి. వార్నర్ సంస్థతో గొడవపడి 1993లో పేరునే మార్చుకుని, చెంప మీద ‘బానిస’ అని రాసుకుని తిరిగిన మనిషి, 2014లో అదే సంస్థతో కొత్త ఒప్పందం చేసుకుని తన పాత మాస్టర్ల మీద హక్కు సంపాదించారు. అప్పుడు ఆ పోరాటాన్ని వింతగా చూసిన వారే ఎక్కువ. రేడియోలోనూ టీవీలోనూ మాస్టర్ల మాట మామూలు శ్రోతల నోట నానుతోందంటే ఆ గొడవకు అందులో పెద్ద భాగం ఉందని నేను నమ్ముతాను.

లెక్కల మాస్టారు

పై ఇద్దరి వివరణలతో నాకు పేచీ లేదు గానీ, సంస్థలన్నీ దోపిడీదారులే అన్నట్టుగా చర్చ సాగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేరు లేని పదిహేనేళ్ల అమ్మాయి మీద డబ్బు పెట్టినప్పుడు అది తిరిగి వస్తుందన్న హామీ ఎవరికీ లేదు. రికార్డు సంస్థ స్టూడియో ఖర్చు భరిస్తుంది, అడ్వాన్సు ఇస్తుంది, రేడియో స్టేషన్ల చుట్టూ తిప్పుతుంది. పది మందిలో ఎక్కువ మంది మీద పెట్టినది రాదు, నిలదొక్కుకున్న ఒకరిద్దరి మాస్టర్ల మీద వచ్చే ఆదాయంతోనే మిగిలిన నష్టం పూడుతుంది. స్విఫ్ట్ మాస్టర్లు లేకుండా బిగ్ మెషీన్‌కు అంత ధర పలికేదే కాదు.

2018లో ఆమె బిగ్ మెషీన్‌ను వదిలినప్పుడు ఏం జరిగిందన్న దానిపై రెండు కథనాలు ఉన్నాయి. కొత్తగా ఒక ఆల్బము ఇస్తే పాతది ఒకటి తిరిగి వచ్చేలా ప్రతిపాదించారని ఆమె చెప్పారు. కొత్త ఒప్పందం మీద సంతకంతోనే పాతవన్నీ ఆమెకు బదిలీ అయ్యేవని బోర్చెట్టా వాదించారు. ఏది నిజమైనా, రెండింటిలోనూ ఆమె మరి కొన్నేళ్లు అదే సంస్థకు కట్టుబడి ఉండాలి. ఆమె దానికి బదులు యూనివర్సల్ కింద ఉన్న రిపబ్లిక్ రికార్డ్స్‌కు వెళ్లి, 2019 నాటి ‘లవర్’ నుంచి ప్రతి మాస్టరూ తన సొంతమయ్యేలా రాయించుకున్నారు. నా దృష్టిలో ఆమె నిజమైన విజయం అది. 36 కోట్ల డాలర్లని పత్రికలు చెప్పిన 2025 కొనుగోలు దాని తరువాతిదే.

నన్ను బాధపెట్టేది వేరే సంగతి. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు వరకు సాగిన ఆమె పర్యటన టికెట్ల మీద 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అలాంటి బలం ఉన్న మనిషి తన మాస్టర్లను కొనుక్కోగలిగారు. ఆమె కొత్త రికార్డింగులు విజయవంతమయ్యాక సంస్థలు ఊరుకోలేదు. మళ్లీ రికార్డు చేయకూడదన్న గడువు ఇదివరకు ఐదేళ్లు, ఏడేళ్లు ఉండేది; ఇప్పుడు పది, పదిహేను, ఒక్కోసారి ముప్ఫై ఏళ్లు అడుగుతున్నారని 2023లో బిల్‌బోర్డ్ రాసింది. ఆమె దాటిన గేటుకు ఆమె వెనకే తాళం వేస్తున్నారు. స్టేడియాలు నింపలేని గాయకులకు మిగిలిన దారి, 1978 తరువాత రాసిచ్చిన హక్కులను 35 ఏళ్లకు వెనక్కి తీసుకునే అమెరికా నిబంధన. 1999లో ధ్వనిముద్రణలను జీతానికి చేసిన పనుల (అంటే హక్కు మొదటి నుంచీ సంస్థదే కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరని పనుల) జాబితాలో చేర్చి ఈ దారి కూడా మూసేయబోతే, గాయకులు గొడవ చేయడంతో మరుసటి ఏడాదే ఆ మార్పును రద్దు చేశారు. ఒప్పందాల్లో మాత్రం ఆ మాట ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

కిన్నెర

ముగ్గురికీ ధన్యవాదాలు. నా మొదటి సందేహం పూర్తిగా తీరింది. పత్రం మళ్లీ చదివాను. సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడూ ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇకపై కనిపెట్టబోయే మాధ్యమాలతో సహా’ చానెల్‌కు చెందుతాయని ఉంది. ప్రతిఫలంగా ఒకేసారి ఇచ్చే మొత్తం తప్ప రాయల్టీ ప్రస్తావన ఎక్కడా లేదు. మన దేశంలో ఇలా రాయించుకోవడం చెల్లుతుందా?

ఓరుగల్లు వకీలు

కిన్నెర గారూ, కొంత చెల్లుతుంది, కొంత చెల్లదు. సినిమా పాటల విషయంలో నిర్మాతదే పైచేయి అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా కాలం గేయ రచయితలు, సంగీత దర్శకులు ఆ తీర్పు నీడలోనే బతికారు. మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ దాన్ని చాలా వరకు మార్చింది. 18వ సెక్షన్‌లో చేరిన నిబంధన ప్రకారం, సినిమాతో సంబంధం లేని ప్రైవేటు పాట అయినా సరే, సాహిత్యం రాసిన వారూ బాణీ కట్టిన వారూ రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును హక్కులు కొన్నవారికి వదులుకోలేరు. వదులుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. కాబట్టి రాయల్టీ ప్రస్తావన లేనంత మాత్రాన మీ చెల్లెలి వాటా పోదు. అయితే వాటా ఉండడం వేరు, అది వసూలు కావడం వేరు. తను గేయ రచయితల, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో సభ్యురాలిగా చేరి, పాటలను తన పేరున నమోదు చేయించుకోవడం మొదటి పని.

కాలపరిమితి, ప్రాంతం విషయంలో 19వ సెక్షన్ చూడండి. ఎంత కాలమో రాయకపోతే ఐదేళ్లనీ, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశమనీ చట్టం అనుకుంటుంది. అందుకే వారు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని విడిగా రాసుకున్నారు; మీరు అడిగి కొట్టివేయించవలసిన మాటలు అవే. బేరం కుదిరితే రికార్డింగు హక్కు వారికి ఇచ్చి, సాహిత్యం, బాణీ మీది హక్కులు తన దగ్గరే ఉంచుకోమనండి. వాటికి పరిమిత కాలం లైసెన్సు ఇస్తే వారి వీడియోకు ఏ లోటూ రాదు.

ఇలా అడగమనడానికి కారణం ఉంది. పై మిత్రులు చెప్పిన అమెరికా దారి ఇక్కడ అంత విశాలంగా లేదు. పాట వైపు హక్కులు కూడా రాసిచ్చేస్తే, మళ్లీ పాడుకోవడానికి మీ చెల్లెలు ఆ చానెల్ అనుమతే అడగాలి. అనుమతి రాకపోతే 31సీ సెక్షన్ కింద కవర్ వెర్షన్ చేయవచ్చు గానీ, మొదటి రికార్డింగు చేసిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. సొంత పాటకు అంత డబ్బు కట్టగలిగే స్థితిలో కొత్త గాయని ఉండదు.

చివరగా, అలాంటి పత్రాల్లో ‘ఇది పూర్తిగా నా సొంత రచన’ అని రచయిత చేత హామీ తీసుకునే వాక్యం సాధారణంగా ఉంటుంది. మీ చెల్లెలి పాటల్లో పాత జానపదం నుంచి తీసుకున్న పల్లవో, చరణమో ఉంటే ఆ సంగతి పత్రంలోనే స్పష్టంగా రాయించండి. తరువాత ఎవరైనా అభ్యంతరం చెబితే నష్టపరిహారం కట్టే బాధ్యతను ఆ హామీ తన మీదికే నెడుతుంది.